మైనం అయిపోయింది... సీసా ఏం చేద్దాం?

గృహప్రవేశానికి వెళ్తే చేతిలో పెట్టింది ఒకటి. పుట్టినరోజుకి ఎవరో తెచ్చింది ఇంకొకటి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి సంక్రాంతికి వస్తూ పెట్టెలో సర్దుకొచ్చింది మరొకటి. మల్లెపూల వాసనదీ, గంధం వాసనదీ, ముక్కు దగ్గర పెట్టుకున్నా అదేం వాసనో అంతుపట్టనిదీ... గాజు సీసాలో పోసిన కొవ్వొత్తులు గోదావరి జిల్లాల ఇళ్లలోకీ వచ్చేశాయి. నాలుగు సాయంత్రాలు వెలిగిస్తారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ తర్వాత వత్తి అడుగంటుతుంది. సీసా అడుగున మైనం బిళ్ల, అంచు చుట్టూ నల్లటి మసి మిగులుతాయి.

పారేద్దామంటే చెయ్యి రాదు. అంత మందపాటి గాజు, అంత చక్కటి మూత మరి! పోనీ కడిగి వాడుకుందామంటే సబ్బుకి లొంగదు, పీచుకి లొంగదు. గోరుతో గీకితే గోట్లో ఇరుక్కుంటుంది. దాంతో ఫ్రిజ్ మీదకి చేరుతుంది. దాని పక్కన కొన్నాళ్లకి రెండోది. ఇంకొన్నాళ్లకి మూడోది. మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఓసారి లెక్కపెట్టి రండి, ఈలోగా మనం ఈ సీసాల సంగతి మొదలుపెడదాం.

సీసాకి ఉన్న మర్యాద

మన దగ్గర ఖాళీ సీసాని చెత్తలో వేయడమనేది ఈమధ్య అలవాటే. హార్లిక్స్ తయారయ్యే ఫ్యాక్టరీ రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలోనే ఉంది. 2020లో ఆ వ్యాపారం హిందుస్థాన్ యూనీలీవర్‌లో కలిసింది కానీ, జనం నోట్లో అది ఎప్పటికీ హార్లిక్స్ ఫ్యాక్టరీయే. ఆ పొడి పిల్లల కడుపులోకి వెళ్తే, సీసా తిన్నగా వంటింటి అలమరలోకి వెళ్లేది. కందిపప్పు ఒకదాంట్లో, పంచదార ఒకదాంట్లో, జీలకర్ర, మెంతులు, వేయించిన పల్లీలు... మూతమీద సుద్దముక్కతో పేరు రాయాల్సిన అవసరం కూడా లేదు, గాజులోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఆ సీసా బద్దలైతే పిల్లలకి పడే తిట్లు, సీసాలోది ఒలికిపోయినా పడేవి కావు.

ఇక వేసవి వస్తే చెప్పేదేముంది! ఆవకాయ అంటే ఏడాదికి సరిపడా పెట్టుబడి. కాయలు, ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె... ఈ ఖర్చంతా ఒక్క నీటి చుక్కతో బూజుపాలు కావచ్చు. అందుకే పచ్చడి కలపడం కంటే ముందు జాడీ కడగడమే పెద్ద పని. ముందురోజే కడిగి, బోర్లించి, మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో పెట్టి, పొడిగుడ్డతో లోపల మూలమూలలా తుడిచి, అప్పుడుగానీ ముక్కలు వేయరు. కొన్ని ఇళ్లలో నిప్పు మీద ఇంగువ వేసి, ఆ పొగ జాడీకి పట్టిస్తారు. పైన మూత, ఆ పైన గుడ్డతో వాసెన. పెరవలి మండలం ఉసులుమర్రు లాంటి పచ్చళ్లకి పేరుపడ్డ ఊళ్లలోనైనా, మన పెరటి వంటపాకలోనైనా సూత్రం ఒకటే. లోపలి సరుకు ఎంత మంచిదైనా, నిలవ ఉంచేది శుభ్రంగా ఉన్న సీసాయే.

ఇంత విద్య తెలిసిన ఇల్లాలు, అరచేతిలో పట్టే కొవ్వొత్తి సీసా దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఆగిపోతోంది?

మనకు తెలిసిన జిడ్డు కాదు

కొవ్వొత్తి అన్న మాటలోనే ఉంది దాని పూర్వం. కొవ్వుతో చేసిన వత్తి. పశువుల కొవ్వుని కరిగించి, నూలు వత్తి చుట్టూ గడ్డకట్టించిన రోజుల్లో పుట్టిన పేరు. ఆ కొవ్వే ఇప్పటికీ ఉండి ఉంటే కడగడం మనకి మంచినీళ్ల ప్రాయం. ఎందుకంటే మన పాతకాలపు కడుగుడంతా కొవ్వు మీద, నూనె మీద యుద్ధమే.

పొయ్యిలోని కట్టెల బూడిదనే తీసుకోండి. అందులో పొటాషియం కార్బొనేట్ అనే క్షారం ఉంటుంది. నూనెతో ఆ క్షారం కలిసి కొంత నూనెని సబ్బుగా మార్చేస్తుంది. అంటే బూడిదతో పచ్చడి జాడీ తోమేటప్పుడు, ఆ జాడీకున్న నూనెతోనే మనం అక్కడికక్కడ కాస్త సబ్బు తయారుచేస్తున్నామన్నమాట. కుంకుడుకాయది ఇంకో దారి. అందులోని సపోనిన్లు నురగనిచ్చి, నూనెని చిన్నచిన్న బొట్లుగా విడగొట్టి నీళ్లలో కలిపి తీసుకుపోతాయి. తలకి ఆముదం పట్టించిన రోజున దీని సత్తా ఏమిటో అందరం చూసినవాళ్లమే.

కానీ ఇప్పటి కొవ్వొత్తుల్లో చాలావాటిలో ఉండేది పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ మైనం. 1830లో జర్మనీకి చెందిన రైషెన్‌బాఖ్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని వేరుచేశాడు. ఆమ్లం వేసినా, క్షారం వేసినా ఉలకదు పలకదు. అందుకే ఆయన లాటిన్ మాటలు రెండు కలిపి ‘పారఫిన్’ అని పేరు పెట్టాడు. ‘చుట్టరికం తక్కువ’ అని దాని అర్థం! ఎవరితోనూ కలవని ఆ స్వభావం వల్లే బూడిద దాన్ని సబ్బుగా మార్చలేదు. చల్లటి మైనం గట్టిగా బిళ్లకట్టుకుని కూర్చుంటుంది కాబట్టి కుంకుడు రసం దాన్ని బొట్లుగా విడగొట్టలేదు. ఎంతసేపు తోమినా పీచు పాడవడం, చేతులు నొప్పెట్టడమే మిగిలేది.

దానికి రెండే రెండు బలహీనతలున్నాయి. ఒకటి వేడి. పారఫిన్ మైనం రకాన్ని బట్టి సుమారు 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. రెండోది... నూనె. అవును, జిడ్డుకి జిడ్డే మందు. వినడానికి విడ్డూరంగా ఉందా? పనసకాయ కొట్టేటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. చేతులకి, కత్తికి ముందుగా నూనె రాసుకుంటారు. పనస జిగురు నీళ్లకి పోదు, సబ్బుకి పోదు, నూనెకి మాత్రం ఇట్టే వదిలేస్తుంది. పెళ్లిళ్లలో పనసపొట్టు కూర లేనిదే ముద్ద దిగని చోట, ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మైనం కరిగించి తీసేశాక గాజుకి పలచగా అంటుకుని ఉండే పొరకీ ఇదే వైద్యం.

సీసా మీద ‘సోయా’ అని రాసి ఉంటే మీ పని కొంచెం తేలిక. అది సోయా నూనెని గట్టిపరచి చేసిన మైనం. త్వరగా కరుగుతుంది, వేడినీళ్లలో సబ్బుకి బాగానే లొంగుతుంది. తేనెమైనమైతే 62 – 64 డిగ్రీల దాకా వేడి కావాలి.

కరిగించేద్దాం రండి

అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి నీళ్లలో కూర్చోబెట్టడం. లోతైన పాత గిన్నె ఒకటి తీసుకోండి. అడుగున మడతపెట్టిన గుడ్డ వేసి, దానిమీద సీసా పెట్టండి. గిన్నెలోనూ సీసాలోనూ మామూలు చన్నీళ్లు పోయండి. సీసా పూర్తిగా మునిగేదాకా పోయక్కర్లేదు, మైనం ఉన్న ఎత్తు దాటితే చాలు. అప్పుడు స్టవ్వు సన్నమంట మీద వెలిగించండి. తెర్లనివ్వొద్దు, ఆవిరి బాగా వస్తున్నప్పుడు కట్టేయండి. మైనం నీళ్లకంటే తేలిక కాబట్టి, కరిగి సీసాలోనే పైకి తేలుతుంది. ఇక ముట్టుకోకుండా వదిలేయండి. చల్లారేసరికి పాలమీద మీగడ కట్టినట్టు పైన బిళ్లకడుతుంది. వేలితో నొక్కితే ఊడి చేతిలోకొస్తుంది.

చన్నీళ్లతోనే ఎందుకు మొదలుపెట్టాలంటారా? గాజుకి నెమ్మదిగా వచ్చే వేడితో పేచీ లేదు, హఠాత్తుగా వచ్చే వేడితోనే. చల్లటి సీసాలో సలసల కాగే నీళ్లు పోస్తే లోపలి పొర ఒక్కసారిగా సాగుతుంది, బయటి పొర సాగదు. ఆ లాగుళ్లో ఫట్‌మని చిట్లుతుంది. మందం గాజు గట్టిదనుకుంటాం కానీ, ఈ విషయంలో మందంగా ఉన్నదే ఎక్కువ ప్రమాదం. గాజుగ్లాసులో వేడి టీ పోసేముందు స్టీలు చెంచా వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది కదా, ఆ జాగ్రత్త వెనకున్నది ఇదే.

స్టవ్వు దాకా ఎందుకనుకునేవాళ్లకి ఫ్రిజ్ ఉంది. డీప్ ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు పెడితే మైనం గాజు కంటే ఎక్కువగా ముడుచుకుంటుంది. బయటికి తీసి బోర్లించి, అరచేత్తో అడుగున తడితే బిళ్ల బిళ్లగా ఊడి పడుతుంది. తిన్నగా గ్లాసులా ఉండే సీసాలకి ఇది భేషుగ్గా పనిచేస్తుంది. మెడ సన్నగా ఉన్నవాటిలో బిళ్ల ఊడినా బయటికి రాదు, కత్తితో ముక్కలు చేసుకోవాలి. సోయా మైనం ఈ పద్ధతికి కాస్త మొండికేస్తుంది. ఒక్క మాట, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని అలాగే వేడినీళ్లలో పెట్టారో, పైన చెప్పుకున్న ఫట్‌మనే శబ్దం వినక తప్పదు.

మూడో పద్ధతికి గ్యాసూ వద్దు, కరెంటూ వద్దు. రోహిణి కార్తె వస్తే రోళ్లు పగులుతాయంటారు. రాజమండ్రిలో పాదరసం 45 డిగ్రీలు దాటిన వేసవులున్నాయి. ఆ ఎండకి డాబా మీద పెట్టిన స్టీలు పళ్లెం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. పళ్లెంలో రెండు పుల్లలు అడ్డంగా పెట్టి, వాటిమీద సీసాని బోర్లించి మిట్టమధ్యాహ్నం వదిలేస్తే, మెత్తరకం మైనం దానంతటదే కారిపోతుంది. వడియాలు పెట్టిన రోజున ఓ మూల ఇదీ పెట్టేస్తే సరి. గట్టిరకం మైనం మాత్రం కారకపోయినా మెత్తబడి జారుతుంది.

ఏ పద్ధతైనా సరే, కరిగిన మైనం నీళ్లని సింకులో పోయకండి. గొట్టం వంపు దగ్గర చల్లబడి, అక్కడే గడ్డకట్టి కూర్చుంటుంది. ఆపైన వచ్చే ప్రతి అన్నం మెతుకూ దానికే అంటుకుంటుంది. అసలే డెల్టా నేల పళ్లెంలా చదును, మురుగు నీరు పోవడమే నత్తనడక. దానికి మనం మైనం అడ్డుకట్ట కూడా వేయాలా? నీళ్లు పూర్తిగా చల్లారాక పాత గుడ్డలో వడకట్టి, నీళ్లు పారబోసి, మైనం దాచిపెట్టండి. దాంతో పనుంది, చివర్లో చెబుతాను.

మసి, మెటల్ బిళ్ల, వాసన

మైనం పోయాక అడుగున చిన్న రేకు బిళ్ల కనిపిస్తుంది. వత్తిని నిలబెట్టేది అదే. జిగురుతో అంటించి ఉంటుంది. సీసా వేడిగా ఉన్నప్పుడే చెంచా కాడతో ఎత్తితే వచ్చేస్తుంది. వత్తి నడుమ సన్నటి లోహపు తీగ ఉందేమో కూడా చూడండి. నూలు వత్తి అయితే దిగులు లేదు. తీగ తగరమో జింకో కావచ్చు, కానీ ఒకప్పుడు సీసపు తీగ కూడా వాడేవారు. ఆ సీసం పొగలో కలుస్తుందని అమెరికా 2003లో అలాంటి వత్తుల్ని నిషేధించింది. మన చేతిలోని తీగ ఏదో చూసి చెప్పలేం కాబట్టి, తీగ వత్తి కనిపిస్తే ఆ సీసాని వంటింటి గడప తొక్కనివ్వొద్దు.

ఇప్పుడు పనస వైద్యం. సీసా గోరువెచ్చగా ఉండగానే పాత న్యూస్‌పేపరు ఉండచుట్టి లోపలంతా తుడవండి. మిగిలిన మైనం పొరలో చాలామటుకు కాగితానికే వచ్చేస్తుంది. తర్వాత రెండు చుక్కల కొబ్బరినూనెతో గుడ్డ తడిపి లోపల రుద్దండి. ఆ పైన వేడినీళ్లు, సబ్బు. ఇప్పుడు కుంకుడుకైనా బూడిదకైనా చేతినిండా పనే, ఎందుకంటే ఇప్పుడక్కడ ఉన్నది వాటికి బాగా తెలిసిన శత్రువు... నూనె.

అంచున పట్టిన మసి గురించి పెద్దవాళ్లనే అడగండి. కరెంటు రాని రోజుల్లో పొద్దుగూకేవేళకి లాంతరు చిమ్నీ తుడవడం ఇంట్లో ఓ పిల్లకో పిల్లాడికో అప్పగించిన పని. చిన్న చెయ్యే కదా చిమ్నీలో దూరేది! మెత్తటి బూడిదో విభూదో గుడ్డకద్ది, లోపల గుండ్రంగా తిప్పితే గాజు తళతళలాడేది. ఆ పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు. జల్లించిన మెత్తటి బూడిదే వాడండి. ఇసుక కలిసిందయితే గాజు మీద గీతలు పడతాయి. గీతలు పడిన చోటే మళ్లీ మసీ, వాసనా పట్టుకుంటాయి. బూడిద దొరకని అపార్టుమెంటులో పళ్లపొడి ఆ పని చేస్తుంది.

బయటి కాగితం చీటీ ఊడి జిగురు మిగిలితే, వంటసోడాలో నూనె కలిపి ముద్దలా పట్టించి అరగంట ఆగి రుద్దండి. కిరసనాయిలు కూడా జిగురుని వదిలిస్తుంది. కానీ దాని వాసన వదిలించడానికి మళ్లీ ఇంకో వ్యాసం రాయాల్సి వస్తుంది.

అసలైన తలనొప్పి వాసనే. నిజానికి గాజుకి వాసన పట్టదు. దోషం మూతది. మూత లోపల మెత్తటి రబ్బరు రింగు ఒకటుంటుంది. చెక్క మూతైతే చెక్కే సువాసన నూనెని పీల్చేసుకుని ఉంటుంది. రింగు ఊడదీసి సబ్బునీళ్లలో నానబెట్టి, మూతని విడిగా రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి. వాసన పోయిందో లేదో ముక్కుతో తేల్చుకోలేకపోతే బియ్యాన్ని అడగండి. గుప్పెడు బియ్యం వేసి మూతపెట్టి రెండు రోజుల తర్వాత తీసి చూస్తే, సీసాలో వాసన మిగిలి ఉంటే బియ్యానికి పట్టేస్తుంది. ఆ బియ్యం గంధం వాసన కొడుతుంటే ఇంకో రెండు ఎండలు పడాల్సిందే.

ఆవకాయ మాత్రం వద్దు

ఇంత కష్టపడి కడిగాక, అద్దంలా మెరుస్తున్న ఆ సీసాని చూడగానే చెయ్యి ఆవకాయ జాడీ వైపు వెళ్తుంది. మన రక్తంలో ఉన్న గుణం అది. కానీ వద్దు.

హార్లిక్స్ సీసా మొదటి నుంచీ తిండి పదార్థం కోసమే చేసింది. ఇది దీపం కోసం చేసింది. తిండికి పనికొచ్చే గాజా కాదా అని దీన్ని చేసినవాళ్లు చూసి ఉండాల్సిన అవసరం లేదు. రంగు పూత, బంగారు గీతలు ఉన్నవాటిలో ఆ రంగుల్లో ఏం కలిపారో తెలీదు. పచ్చడిలో ఉప్పుంది, పులుపుంది, నూనె ఉంది. ఈ మూడూ నెలల తరబడి ఒకచోట ఊరుతూ ఉంటే సీసాలో ఉన్న దేన్నైనా కాస్త కాస్త లాక్కుంటాయి. పైగా రోజూ మంటకి వేడెక్కి చల్లారిన గాజు ఎక్కడో కనిపించని చోట బలహీనపడి ఉండొచ్చు. వేడి పాలో, రసమో పోస్తే చేతిలోనే విడిపోవచ్చు. ఏడాది పచ్చడి పోయినా ఫర్వాలేదు, గాజుపెంకు అన్నంలోకి వస్తే?

గుండీలు, సూదీ దారం, పిల్లల రబ్బర్లు, జడపిన్నులు, పూజ గదిలో వత్తులు, కర్పూరం... వీటికి నిక్షేపంగా వాడుకోండి. నీళ్లుపోసి మనీప్లాంట్ కొమ్మ వేస్తే కిటికీకి అందమే. కానీ నన్నడిగితే, ఈ సీసాకి తగిన పని అది పుట్టిన పనే. వెలుగు!

కార్తీక మాసం వస్తుంది కదా. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం... పంచారామాల్లో నాలుగు మన దగ్గరే ఉన్నాయి. ఆ నెలంతా ఎక్కడ చూసినా దీపాలే. పాతకాలంలో గాజుగ్లాసులో నీళ్లు పోసి, పైన నూనె పోసి, తేలే వత్తి వెలిగించేవారు. కడిగిన కొవ్వొత్తి సీసా దీనికి కొలిచి చేసినట్టుంటుంది. ముప్పాతిక నీళ్లు, పైన వేలెడు మందం కొబ్బరినూనె, చిల్లు పెట్టిన బెండు ముక్కలోంచి దూర్చిన వత్తి. గాలికి ఆరదు. నూనె అయిపోగానే వత్తి నీళ్లని తాకి దానంతటదే కొండెక్కుతుంది. సీసా అడుగు వేడెక్కదు. వెలిగించేముందు సీసాలో చీలిక లేదని మాత్రం వెలుతురుకి పట్టి చూసుకోండి.

తుపాను రాత్రికి

దాచిపెట్టమన్న మైనం సంగతి ఇప్పుడు.

మన ప్రాంతంలో కొవ్వొత్తి వాసన కోసం రాలేదు. గుళ్లో నూనె దీపం, చర్చిలో కొవ్వొత్తి సరే, మిగతా ఇళ్లలో కొవ్వొత్తి ప్యాకెట్టు అంటే కరెంటు పోయే రాత్రుల కోసమే. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుపానుని కోనసీమలో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు కూలిపోయాయి. రోజుల తరబడి చీకట్లోనే బతుకు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. అప్పటికి ఇన్వర్టర్లున్నాయి, సెల్‌ఫోన్లో టార్చి ఉంది. కానీ రెండో రోజుకి ఇన్వర్టరూ ఆగుతుంది, సెల్లూ ఆగుతుంది. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మన తీరానికి ఈ భయం ఉండనే ఉంది.

ఓ చిన్న లెక్క వేద్దాం. కొవ్వొత్తి సీసాని అడుగుదాకా కాల్చకూడదు, మంట అడుక్కి దిగితే గాజు పగలొచ్చు. సెంటీమీటరు మైనం ఉండగానే ఆర్పేయాలి. ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న సీసాలో ఆ సెంటీమీటరు మైనం దాదాపు 35 గ్రాములు తూగుతుంది. అలాంటి సీసాలు ఐదు ఉంటే 175 గ్రాములు. కొవ్వొత్తి గంటకి ఏడు గ్రాముల చొప్పున కాలుతుందనుకుంటే, పారేద్దామనుకున్న మైనంలో ఇరవై ఐదు గంటల వెలుతురుంది! రాత్రికి ఆరు గంటలు వెలిగించినా నాలుగు రాత్రులు.

తీసిన ముక్కల్ని తడి లేకుండా ఆరబెట్టండి. ఓ పాత డబ్బాలో వేసి, ఆ డబ్బాని నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. మైనం డబ్బాని నేరుగా మంటమీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. బాగా కాగితే నూనెలాగే అంటుకుంటుంది. అంటుకుందా... నీళ్లు చల్లకూడదు, స్టవ్వు కట్టేసి మూత పెట్టి గాలి ఆడకుండా చేయాలి. కరిగేటప్పుడు పక్కనే ఉండండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. అల్లిన నూలు వత్తిని కరిగిన మైనంలో ఓసారి ముంచి నిటారుగా ఆరబెట్టి, పాత రేకు బిళ్లకే దూర్చి, కడిగిన సీసాల్లో గట్టిగా ఉన్నదాన్ని చూసుకుని అందులో నిలబెట్టండి. సీసాని గోరువెచ్చటి నీళ్లతో కాస్త వెచ్చచేసి, లోపల చుక్క తడి లేకుండా తుడిచి, అప్పుడు మైనం పోయండి. వత్తి మరీ లావుగా ఉంటే మంట పెద్దదై పొగ కక్కుతుంది, సన్నదైతే మైనంలో మునిగి ఆరిపోతుంది. ఒకటి రెండుసార్లు చూసుకుంటే లావు ఎంతో తెలిసిపోతుంది. నాలుగైదు వాసనలు కలిసిపోయి అదోరకంగా ఉంటుందనుకోండి. తుపాను రాత్రి ముక్కు కంటే కళ్లకే పని ఎక్కువ.

విడి కొవ్వొత్తిని తలుపు సందులోంచి వచ్చే గాలి ఒక్క విసురుకే ఆర్పేస్తుంది. సీసా గోడ చాటున మంట నిలబడుతుంది. నేలమీద పొర్లినా గుడ్డలకి అంటుకునే ప్రమాదమూ తక్కువే. అలాగని మంచం పక్కన పెట్టి నిద్రపోవద్దు. చుట్టూ ఏమీ లేని చోట పళ్లెంలో పెట్టి, కళ్లముందు ఉంచుకోండి.

ఇంకొక సీసాని మాత్రం ఖాళీగా ఉంచండి. రబ్బరు రింగు ఉన్న గట్టి మూత సీసాని. ఆవకాయ జాడీని ఎండబెట్టినంత శ్రద్ధగా దాన్నీ ఎండబెట్టి, రెండు అగ్గిపెట్టెలు అందులో వేసి మూత బిగించండి. ముసురు పట్టిన నాలుగు రోజులకే మన గాలిలో అగ్గిపుల్లలు మెత్తబడి, గీస్తే మందు రాలిపోవడం మీకూ తెలిసిందే. దేవుడి గూట్లోనో, చీకట్లో తడుముకున్నా చేతికందే అల్మరా పై అరలోనో ఆ సీసాని పెట్టి, ఎక్కడ పెట్టారో ఇంట్లో అందరికీ చెప్పండి.